గడ్డి కప్పిన మడి, కప్పని మడి: ఒక పంటకాలపు ప్రాజెక్టు డైరీ

ఏం తేల్చుకోవాలని

సేంద్రియ తోటలో నేలను ఎండుగడ్డితో కప్పడం మంచిదన్న మాటను కాదనేవారు లేరు. ఆ మంచి ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది మాత్రం రెండు మడులను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేలదు. అందుకే ఈ పంటకాలానికి ఒకే కొలత గల రెండు మడులు తీసుకున్నాను. రెండింటికీ ఒకే మట్టి, ఒకే కంపోస్టు, ఒకే విత్తనం నుంచి పెంచిన టమాటా నారు, ఒకే రకం డ్రిప్ గొట్టాలు. ఒకదానిమీద గడ్డి ఉంటుంది, రెండోదానిమీద ఉండదు.

వీటితోపాటు రెండు మడుల చివర ఒక్కో మూలను మొక్కలు లేకుండా, డ్రిప్ నీరు అందకుండా విడిగా ఉంచాను. గడ్డి మడిలోని మూలలో పొడిమట్టి మీదనే గడ్డి పరుస్తాను. నాకున్న ఒక అనుమానాన్ని పరీక్షించడానికే ఈ ఏర్పాటు. గడ్డి నేలను అప్పటికప్పుడు బాగు చేసేది కాదని, తాను కప్పేనాటికి నేల ఏ స్థితిలో ఉంటే ఆ స్థితినే ఎక్కువకాలం నిలబెడుతుందని నా ఊహ. అదే నిజమైతే గడ్డిని ఎంత మందాన పరచాలన్నదానికంటే ఎప్పుడు పరచాలన్నదే పెద్ద ప్రశ్న అవుతుంది.

గడ్డిని ఎంచుకోవడం

గింజ రాల్చిన తరువాత మిగిలే వరి, గోధుమ, బార్లీ కాడలు ఒక రకం. పశువుల మేతకోసం కోసి ఎండబెట్టిన పచ్చిక మరొక రకం. చూపుకు రెండూ ఎండుగడ్డే అయినా మడిమీద వాటి పని వేరు. మేతగడ్డిలో ఆకు, నత్రజని ఎక్కువ కాబట్టి అది త్వరగా కుళ్ళి నేలకు బలమిస్తుంది. అయితే విత్తనం పట్టిన తరువాత కోసిన మేతగడ్డిని పరిస్తే కలుపును మన చేతులతో మనమే చల్లినట్టు. పైరు కాడ బోలుగా, బిరుసుగా ఉండి నెమ్మదిగా చివుకుతుంది కనుక కప్పుగా ఎక్కువకాలం నిలుస్తుంది. నేను వరిగడ్డి తీసుకున్నాను. నూర్పిడిలో రాలకుండా ఎన్ని గింజలు మిగిలాయో చూడడానికి గుప్పెడు గడ్డిని తడి గోనెసంచిలో చుట్టి వారంపాటు నీడలో ఉంచితే, అక్కడక్కడ వరి మొలకలు కనిపించాయి. ఆ మాత్రం మొలకలను చేత్తోనే లాగివేయవచ్చు.

రెండో పరీక్ష ఇంతకంటే ముఖ్యమైనది. పచ్చిక బయళ్లలో, కొన్ని ధాన్యపు చేలలో వెడల్పాటి ఆకుల కలుపును చంపడానికి క్లోపైరాలిడ్, అమినోపైరాలిడ్ వంటి మందులు వాడతారు. ఇవి గడ్డిజాతి పైర్లకు హాని చేయవు. కాడలో చేరి, అది చివికేదాకా అందులోనే ఉండిపోతాయి. ఆ గడ్డి తిన్న పశువు పేడలోకి, ఆ పేడతో చేసిన కంపోస్టులోకి కూడా ఇవి విషం తగ్గకుండా చేరగలవు. టమాటా, బంగాళదుంప, చిక్కుడు, బఠాణీ వీటికి ఎంత సున్నితమంటే, మట్టిలో వంద కోట్ల పాళ్లకు కొద్ది పాళ్లున్నా లేత ఆకులు పైకి ముడుచుకొని, చిగురు మెలితిరిగిపోతుంది. సేంద్రియ తోట అనుకున్నచోటికి ఇంత మొండి రసాయనం గడ్డిమోపుతో వచ్చి చేరగలదు కాబట్టి, గడ్డి ఎక్కడి నుంచి వచ్చిందో, ఆ పైరుపై ఏం చల్లారో అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

తరిగిన గడ్డి కలిపిన మట్టిని కొన్ని కుండీలలో, గడ్డి లేని అదే మట్టిని మరికొన్ని కుండీలలో నింపి, అన్నింటిలోనూ చిక్కుడు గింజలు నాటి, మూడు నాలుగు ఆకులు పూర్తిగా విచ్చుకునేవరకు చూశాను. రెండు వరుసలలోనూ ఆకులు చదునుగానే విచ్చుకున్నాయి. గడ్డి కలిపిన కుండీలలో ఆకుల పచ్చదనం కాస్త పలచబడింది, కానీ అది మందు లక్షణం కాదు. దాని కారణం నత్రజని లెక్క దగ్గర వస్తుంది.

నేల సిద్ధం

మడులపై కంపోస్టు పలుచగా పరచి, పైపైన కలిపాను. ఎక్కువ సమయం తీసుకున్నది తుంగ గడ్డలను, గరిక వేళ్లను ఏరివేయడమే. కొన్ని తుంగ గడ్డలు లోతున మిగిలిపోయే ఉంటాయి. అవి గడ్డి కింద ఏమవుతాయో చూడడం కూడా ఈ ప్రయోగంలో భాగమే.

నాటిన తరువాత గడ్డి వెంటనే కప్పలేదు. టమాటా వేరు చురుకుగా పనిచేయాలంటే నేల ఉష్ణోగ్రత కనీసం 15 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండాలి. చల్లని నేలను గడ్డితో కప్పితే ఎండ వెచ్చదనం లోపలికి దిగక, మొక్క ఎదుగుదల లేకుండా నిలిచిపోతుంది. నారు జానెడు ఎత్తయి, కొత్త చిగురు వేసి, నేల వెచ్చబడేదాకా ఆగాను. గడ్డి పరచడానికి ముందు డ్రిప్‌తో నిండుగా నీరు పెట్టి, తడి ఎంత లోతుకు దిగిందో సన్నని ఇనుప చువ్వతో గుచ్చి చూశాను. తడిమట్టిలో చువ్వ తేలికగా దిగి, పొడిమట్టి తగలగానే ఆగిపోతుంది. జానెడు లోతు దాటి తడి చేరిన తరువాతనే గడ్డి చేతిలోకి తీసుకున్నాను. పరీక్ష కోసం వదిలిన మూల మాత్రం పొడిగానే ఉంది.

పరచడం

చదరపు మీటరుకు సుమారు 2 కిలోల గడ్డి పట్టింది. వదులుగా విదిలించి పరచినప్పుడు జానెడు ఎత్తు కనిపించినా, తడిసి కుదురుకున్నాక 8 నుంచి 10 సెంటీమీటర్లకు దిగుతుంది. అయిదు సెంటీమీటర్లకు తగ్గితే వెలుతురు నేలను చేరి కలుపు మొలుస్తుంది. మరీ మందమైతే గాలి ఆడక, చిన్న వానలు నేలకు దిగక ఇబ్బంది. మొక్క మొదలు చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదిలాను. తడిగడ్డి కాండానికి ఆనుకొని ఉంటే కాండం కుళ్ళుకు, నత్తలకు, చెదలకు దారి ఇచ్చినట్టే.

గడ్డిని ఎలా వేయాలన్నదానిలో జపాన్ రైతు మసనోబు ఫుకుఓకాకు గట్టి అభిప్రాయం ఉండేది. వరిగడ్డిని ముక్కలు చేయకుండా, వరుసగా పేర్చకుండా, ఎటుపడితే అటు పడేలా వెదజల్లమనేవారు. ఒకే దిక్కుకు పేర్చిన గడ్డి కింది నుంచి మొలక పైకి రాలేదన్నది ఆయన చెప్పిన కారణం. నా మడిలో మొక్కలు అప్పటికే పైకి వచ్చి ఉన్నాయి కనుక ఆ కారణం వర్తించకపోయినా, మరొక కారణంతో ఆయన మాటే సరైనది. పొడవైన పరకలు ఒకే దిక్కుకు పడితే అవి పాక కప్పులా నీటిని పక్కలకు జార్చివేస్తాయి. చిందరవందరగా పడిన గడ్డిలో నీరు పరక నుంచి పరకకు దిగుతూ నేలను చేరుతుంది. చూడడానికి పొందికగా లేకపోయినా మడికి అదే మేలు.

డ్రిప్ గొట్టాలు గడ్డి కిందనే ఉన్నాయి. వాటి రంధ్రాలు పూడుకుపోయినా పైకి కనపడదు కాబట్టి, గడ్డిని అక్కడక్కడ ఎత్తి చూసే అలవాటు తప్పనిసరి. పరచిన వెంటనే పైన కొద్దిగా నీళ్లు చిలకరించాను. లేకపోతే గాలి పరకలను మోసుకుపోతుంది. ఎండిన గడ్డి నిప్పుకు వెంటనే అంటుకుంటుందన్నది కూడా గుర్తుంచుకోవలసిందే.

ఎండ ముదిరిన వారాలు

అయిదు సెంటీమీటర్ల లోతున ఉష్ణోగ్రత చూస్తే, ఎండ మండే మధ్యాహ్నాలు కప్పని మడి 38 డిగ్రీల దాకా పోతుంటే గడ్డి మడి 30 దగ్గర నిలిచింది. తెల్లవారుజామున లెక్క తారుమారై, గడ్డి మడే రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంది. అంటే గడ్డి నేలను చల్లబరుస్తుందనడంకంటే, పగటికీ రాత్రికీ మధ్య ఊగిసలాటను తగ్గిస్తుందనడం సరైన మాట. లేత పసుపురంగు పరకలు ఎండను కొంత తిప్పికొడతాయి, వాటి బోలులోనూ సందులలోనూ చిక్కుకున్న గాలి వేడిని అటూ ఇటూ పోనివ్వదు. ఇదే గుణం మంచు కురిసే చోట ఎదురు తిరుగుతుంది: నేలలోని వెచ్చదనం రాత్రి పైకి రాకుండా గడ్డి ఆపుతుంది కనుక, లేత మొక్క చుట్టూ ఉన్న గాలి కప్పని మడిలోకంటే ఎక్కువ చల్లబడుతుంది.

నీటి విషయం ఇంకా ఆసక్తికరం. తడిసిన నేల నుంచి నీరు రెండు దశలలో ఆవిరవుతుంది. మొదటి దశలో పైమట్టి తడిగా ఉన్నంతసేపూ ఎండ, గాలి ఎంత లాగగలిగితే అంత నీరు పోతుంది. పైపొర ఎండి పొడిబారాక రెండో దశ మొదలై, ఆ పొడిపొరే మూతలా పనిచేసి నష్టం దానంతటదే నెమ్మదిస్తుంది. గడ్డి ఆదా చేసేది ముఖ్యంగా ఆ మొదటి దశలోని నీటినే. నీరు పెట్టిన మరునాటి నుంచి నాలుగైదు రోజులపాటు రెండు మడుల మధ్య తేడా స్పష్టంగా కనిపించి, ఆపైన తగ్గుతూ వచ్చింది. గడ్డి వేశాం కదా అని నెలల తరబడి నీరు మరిచిపోవచ్చని కొందరు చెప్పే మాట నాకు నమ్మదగినదిగా అనిపించదు. మొక్క ఆకుల ద్వారా తాగి వదిలే నీటిని గడ్డి ఆపలేదు. నాకు దక్కిన లాభం ఏమిటంటే, తరచూ నీరు పెట్టవలసిన ఈ దశలో గడ్డి మడికి పెట్టే విడతల మధ్య దూరం పెరిగింది. మట్టిని పిడికిట బిగిస్తే ముద్దయి, వేలితో తాకితే విడిపోయే పదును కప్పని మడిలో తొందరగా పోతోంది, ఇక్కడ నిలుస్తోంది.

చిన్న జల్లు, పెద్ద వాన

పొడి మూల కోసం ఎదురుచూసిన సందర్భం ఒక చిన్న జల్లుతో వచ్చింది. వానకొలత 3 మిల్లీమీటర్లు చూపింది. కప్పని మడి మూలలో రెండు వేళ్ల లోతు తడిసింది; గడ్డి కింది పొడి మూల పొడిగానే ఉంది. లెక్క వేస్తే ఇందులో వింత లేదు. పూర్తిగా నానిన గడ్డి తన బరువుకు రెండు మూడింతల నీటిని పట్టుకోగలదు. చదరపు మీటరుకు 2 కిలోల గడ్డి అంటే 4 నుంచి 6 లీటర్లు. చదరపు మీటరుపై ఒక లీటరు అంటే ఒక మిల్లీమీటరు వాన. జల్లు కురిసిన కొద్దిసేపట్లో గడ్డి అంతగా నానకపోయినా, 3 మిల్లీమీటర్లలో చాలా భాగాన్ని తానే మింగి, మరునాటి ఎండకు గాలిలో కలిపేసింది. పొడినేలను కప్పి, చిన్న జల్లులమీద ఆధారపడితే మొక్కకు గడ్డే అడ్డు నిలుస్తుంది.

తరువాత పెద్ద వాన వచ్చినప్పుడు అదే పొడి మూల లోతుగా తడిసి, పక్క మడి మూలకంటే చాలా ఎక్కువకాలం తడిగా నిలిచింది. పొడిని నిలబెట్టిన గడ్డే ఇప్పుడు తడిని నిలబెట్టింది. నా అనుమానానికి ఇంతకంటే తేటైన జవాబు అక్కరలేదు.

పెద్ద వాన కప్పని మడికి మరో నష్టం చేసింది. చినుకుల దెబ్బకు మట్టి రేణువులు చెదిరి పైన గట్టి పెచ్చు కట్టింది, కింది ఆకుల అడుగున బురద చిమ్మింది. ఆల్టర్నేరియా శిలీంధ్రం వల్ల వచ్చే ఆకుమాడు తెగులు పాత పంట అవశేషాలలో బతికి ఉండి, ఇలా చిమ్మిన మట్టితో కింది ఆకులకు ఎక్కుతుంది. వలయాలు వలయాలుగా ఉండే ఆ మచ్చలు కప్పని మడిలో ముందు కనిపించాయి. గడ్డి మడిలో ఆలస్యంగా, తక్కువగా వచ్చాయి గాని రాకుండా పోలేదు. ఈ శిలీంధ్ర బీజాలను గాలి కూడా మోస్తుంది. కింది ఆకులను రెండు మడులలోనూ తుంచివేశాను.

నత్రజని లెక్క

గడ్డి నేలలోని నత్రజనిని లాగేస్తుందన్న భయం చాలామందికి ఉంది. భయం నిరాధారం కాదు, కానీ గడ్డి ఎక్కడ ఉందన్నదాన్నిబట్టి దాని తీవ్రత మారుతుంది. వరిగడ్డిలో కర్బనం దాదాపు 40 శాతం, నత్రజని 0.6 శాతం మేర ఉంటాయి. అంటే 2 కిలోల గడ్డిలో 800 గ్రాముల కర్బనం, 12 గ్రాముల నత్రజని. దాన్ని చివికించే సూక్ష్మజీవులకు ప్రతి 24 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని కావాలి. ఆ లెక్కన 33 గ్రాములు అవసరం. గడ్డిలో ఉన్నది పోగా లోటు 20 గ్రాములకు పైమాటే. గడ్డిని మట్టిలో కలిపేస్తే ఈ లోటును సూక్ష్మజీవులు చదరపు మీటరు మట్టి నుంచే తీసుకుంటాయి, మొక్క పసుపుబారుతుంది. కుండీలలో చిక్కుడు ఆకు పలచబడినది ఇందుకే. ఆ నత్రజని మాయం కాదు. సూక్ష్మజీవులు చచ్చి కుళ్ళినప్పుడు తిరిగి వస్తుంది, కానీ అప్పటికి ఈ పంట అయిపోతుంది.

గడ్డి నేలపైనే ఉంటే మట్టిని తాకే అడుగు పొర మాత్రమే ఈ బేరంలోకి దిగుతుంది. గడ్డి మడిలో టమాటా ఆకులు మొదటినుంచీ ముదురుపచ్చగానే ఉన్నాయి. గడ్డికి ముందు వేసిన కంపోస్టు ఆ చిన్న లోటును భరించింది. పొటాషియం సంగతి దీనికి పూర్తిగా వేరు. అది కాడ నిర్మాణంలో బిగిసి ఉండదు కనుక గడ్డి చివకకముందే వాననీటితో కిందికి దిగిపోతుంది. వరిగడ్డిలో అది సుమారు 1.5 శాతం, అంటే 2 కిలోలకు 30 గ్రాములు. అందువల్ల గడ్డి మడికి పొటాషియం కోసం వేసే కట్టెబూడిద వేయలేదు.

గడ్డి కింది లోకం

వానల తరువాత నత్తలు వచ్చాయి. పగలు గడ్డి అడుగున దాగి, రాత్రి నేలకు దగ్గరగా ఉన్న ఆకులను కొరికాయి. సాయంత్రం తడి పలకను మడిలో బోర్లించి, తెల్లవారగానే తిరగేస్తే దాని అడుగున గుంపుగా దొరికాయి, ఏరివేశాను. అదే గడ్డిలో సాలీళ్లు, నేలపై తిరిగే వేట పెంకుపురుగులు కూడా చేరాయి కాబట్టి మడినంతా ఖాళీ చేయడానికి మనసొప్పలేదు. లేత మొలకల మడి అయితే మాత్రం నిర్ణయం వేరుగా ఉండేది: వానలు ఆగి నత్తలు తగ్గేదాకా గడ్డి వేయను.

గడ్డి అడుగున తెల్లని బూజు దారాలు, పైన ఒక్కరోజు నిలిచి నల్లగా కరిగిపోయే చిన్న పుట్టగొడుగులు కనిపించాయి. ఇవి గడ్డిని చివికించే శిలీంధ్రాలు, మొక్క జోలికి పోవు. వానపాముల విసర్జన గుళికలు గడ్డి కింద దట్టంగా ఉన్నాయి. పక్క మడిలో వాటి కోసం వెతకవలసి వచ్చింది.

కలుపు

గంగవాయిలి, తోటకూర జాతి కలుపు వంటి చిన్న గింజలకు మొలవడానికి వెలుతురు కావాలి. గడ్డి కింద అవి దాదాపుగా లేవు. తుంగ మాత్రం గడ్డిని సూదిమొనతో పొడుచుకొని లేచింది. గడ్డలో దాచుకున్న బలం ఉన్నంతకాలం దానికి వెలుతురుతో పని లేదు. గరిక గడ్డి కిందనే జానెళ్లకు జానెళ్లు పాకి, అంచున తల ఎత్తింది. గింజ కలుపు లేని నేలను గడ్డి అలాగే ఉంచుతుంది, వేరుకలుపు ఉన్న నేలనూ అలాగే ఉంచుతుంది. ఒక్క మేలు ఏమిటంటే, గడ్డి కింద మట్టి గుల్లగా ఉండడంతో తుంగను గడ్డతో సహా పెకలించడం తేలికైంది.

కాయ దశ, రెండో విడత

కాయ అడుగుభాగం నల్లగా కుళ్ళిపోవడం కప్పని మడిలో తొలి కోతకే కనిపించింది. కాయకు సున్నం (కాల్షియం) అందకపోవడం దీనికి కారణం. చాలాసార్లు నేలలో సున్నం లేక కాదు, దాన్ని మోసే నీటి ప్రవాహం ఆగి ఆగి రావడం వల్ల. బెట్ట తరువాత ఒక్కసారిగా నీరందితే కాయ పగలడానికీ ఆ ఒడిదుడుకులే మూలం. పదును నిలకడగా ఉన్న గడ్డి మడిలో రెండు సమస్యలూ తక్కువగా వచ్చాయి. నేలకు వాలిన కాయలు శుభ్రంగా ఉండడం చిన్న విషయమే అయినా కోతవేళ సంతోషం కలిగించింది.

కాయ దశ సగానికి వచ్చేసరికి గడ్డి నాలుగు వేళ్ల మందానికి దిగి, అక్కడక్కడ మట్టి కనిపించసాగింది. పలచబడినచోటనే కలుపు మొలిచింది. నీరు పెట్టిన మరునాడు, నేల పదునుమీద ఉండగా, మొదటి విడతలో సగం మేర మళ్లీ వేశాను.

పంట తీసిన తరువాత

మొక్కలను పెకలించకుండా మొదలు దగ్గర కోసి, వేళ్లను మట్టిలోనే వదిలాను. మచ్చలున్న ఆకులను, వాటితో అంటుకున్న పైగడ్డిని తీసి తోట బయటికి చేర్చాను. మిగిలిన సగం చివికిన గడ్డిని తవ్వి కలపలేదు, పైనే ఉంచాను. రాబోయేది క్యారెట్ కాబట్టి విత్తే వరుసల వరకు గడ్డిని పక్కకు జరిపి, మొక్కలు నాలుగు వేళ్ల ఎత్తు వచ్చాక తిరిగి దగ్గరకు లాగుతాను; అంత చిన్న గింజ గడ్డి కింది నుంచి పైకి రాలేదు.

ఆ క్యారెట్ తరువాత టమాటా కాకుండా వేరే కుటుంబపు పంటతో ఇదే ప్రయోగాన్ని మడులు మార్చి చేస్తాను: ఇప్పుడు కప్పని మడికి గడ్డి, గడ్డి మడికి ఏమీ లేకుండా. రెండు మడుల మట్టిలో నా కంటికి కనపడని తేడా ఏదైనా ఉండి ఈసారి గడ్డికి కలిసివచ్చిందేమో అప్పుడు బయటపడుతుంది. ఆ మడి కోసం కావలసిన గడ్డి వచ్చింది. చిక్కుడు గింజల కుండీలు మళ్లీ సిద్ధం చేశాను.